తోమకూడని గిన్నె

ఊతను కోళ్ళ గంప అని రాసి పెట్టారు. మొదట నా ఒళ్ళు మండింది అక్కడే. ఆదోనిలో ఒక పాత జిన్నింగు మిల్లు గోదామును బాగుచేసి, సున్నం కొట్టి, పల్లె వస్తువుల మ్యూజియం తెరిచారంటే చూడబోయాను. ఒకప్పుడు పత్తి బేళ్ళు పేర్చిన చోట ఇప్పుడు అద్దాల బీరువాలున్నాయి. చివరి గదికి నీలం రంగు వేసి ‘చెరువు గట్టు జీవనం’ అని పేరు పెట్టారు. గట్టు పొలానికి ఉంటుంది, మా వైపు చెరువుకు ఉండేది కట్ట. ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి ఇలాంటివి నా కంట్లో నలుసులా పడతాయి. సరే, దాన్ని వదిలేద్దాం. గది నడుమ కడవ చంకన పెట్టుకున్న ప్లాస్టరు బొమ్మ ఒకటి నిలబడి ఉంది, పెదవులకు ఎర్రరంగు పూసుకొని. నీళ్ళకు పోయే ఆడదాని కాళ్ళకు బురద ఉండాలని ఎవరికీ తోచినట్టు లేదు. దాన్నీ వదిలేద్దాం. కానీ ఊత సంగతి ఎలా వదిలేస్తాం? అది వెదురు బద్దలతో అల్లిన బుట్ట. కిందా పైనా తెరిచే ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళలో చేప కదిలిన చోట దాన్ని ధభాలున మూసి, పై నోట్లోంచి చెయ్యి దూర్చి చేపను పట్టుకుంటారు. పైన అంత బొక్క పెట్టి కోడిని మూస్తే అది లోపల కూర్చొని ఉంటుందా, ఎగిరి పోదా? రాసినవాళ్ళు కోడినీ చూసినట్టు లేదు, చేపనూ చూసినట్టు లేదు.

ఆ కోపంలోనే పక్క బీరువా దగ్గరికి జరిగాను. అందులో ఒక రాగి గిన్నె ఉంది. రెండు అరచేతుల్లో ఇమిడేటంత ఉంటుంది. అడుగున సన్నని రంధ్రం, అంచుకు ఒక చోట సొట్ట. కింద అట్ట మీద ‘అభిషేక పాత్ర. శివలింగంపై నీటి ధార పడేందుకు వాడేవారు’ అని ఉంది. ఆ సొట్ట మా ఇంటి గూట్లోంచి బండల మీద పడ్డప్పుడు పడిన సొట్ట. ఆ రంధ్రం గురించి నాకు తెలిసినంత ఈ భూమ్మీద బతికున్న ఎవరికీ తెలియదు. ఆ గిన్నె మా అవ్వది. మా నాయన తల్లి. ఇంకా దగ్గరగా చూడాలని బీరువా అంచు పట్టుకొని వంగాను. అద్దం ముట్టుకోకూడదని వాచ్‌మన్ అరిచాడు.

మ్యూజియం చూసుకునే అబ్బాయి మర్యాదస్తుడే. కోస్తా జిల్లాల నుంచి వచ్చి రెండేళ్ళయిందట. కుర్చీ వేసి, సీలు విప్పని నీళ్ళ సీసా ఇచ్చి, ఓపిగ్గా విన్నాడు. అది అభిషేకానికి కాదు బాబూ, చెరువు నీళ్ళు పంచడానికి వాడిన గిన్నె అన్నాను. చాలా ఆసక్తిగా ఉందండీ అన్నాడు. ఆ తర్వాత ఒక ఫారం తీసి నా ముందు పెట్టాడు. పేరు, ఊరు, వయసు, చెప్పదలచిన సమాచారం, దానికి ఆధారం. అన్నిటికీ కింద ‘వస్తువుతో మీకున్న సంబంధం’ అని ఒక గడి. ఆ గడిలో ‘దీన్ని వాడినావిడ మనవరాలిని’ అని పెద్ద అక్షరాలతో రాశాను. అలా రాయడానికి నాకేమీ సిగ్గు వేయలేదు. ఇప్పుడు తలుచుకుంటే వేస్తోంది.

మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే వస్తుంది. ఊరికి మించిన చెరువు మాది. వాన బాగా పడ్డ ఏడు ఉగాది దాటేదాకా నీళ్ళుండేవి. పొద్దున లేస్తే ముక్కుకు తగిలే మొదటి వాసన తడిసిన జమ్ముది. కోసి తెచ్చిన జమ్మును ఇంటి ముందర ఆరేసేవాళ్ళు, మా ఇళ్ళల్లో చాపలన్నీ దానితో అల్లినవే. ఆ చాప మీద పడుకుంటే వానాకాలం వీపంతా చెరువు వాసన వేసేది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ బురద పగుళ్ళిచ్చి ఇంకో రకం వాసన లేచేది. అవ్వ ఆ వాసన పట్టే చెప్పేది, ఇంక ఎన్నాళ్ళకు నీళ్ళు తూముకు అందకుండా పోతాయో. ఆమె చెప్పిన లెక్క ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయ్యేదే గాని తప్పేది కాదు.

చెరువు నిండుగా ఉన్నన్నాళ్ళు ఎవరికి కావలసినంత వాళ్ళు పారించుకునేవాళ్ళు. నీళ్ళు తగ్గినాక వంతులు మొదలయ్యేవి. మడి కొలతను బట్టి ఒకరికి నాలుగు గిన్నెలు, ఒకరికి ఆరు. ఆ గిన్నెకు కాపలా మా ఇంటిది. అందుకు మమ్మల్ని నీరుగంటోళ్ళు అనేవాళ్ళు. మా చిన్నాయన తూము తీసి మూసేవాడు. గిన్నె చూడటం ముందు మా తాత పని, ఆయన పోయినాక అవ్వది. కట్ట మీద తూము పక్కన చిన్న బోదగడ్డి పందిరి వేసేవాళ్ళు. దాని కింద గంగాళం నిండా చెరువు నీళ్ళు పోసి, ఆ నీళ్ళ మీద ఖాళీ గిన్నెను మెల్లగా వదిలేది అవ్వ. అడుగున ఉన్న రంధ్రంలోంచి నీళ్ళు ఎక్కీ ఎక్కీ గిన్నె నిండి బుడుంగున మునిగిపోయేది. అది ఒక గిన్నె లెక్క. అవ్వ ఒక చింతగింజను ఎడమ పక్క నుంచి కుడి పక్కకు జరిపి, గిన్నెను తీసి వంచి, మళ్ళీ వదిలేది. గింజలు అయిపోతే చిన్నాయనను కేకేసేది, ఆయన తూము మూసేవాడు లేకుంటే నీళ్ళను ఇంకో కాలువకు మళ్ళించేవాడు.

వంతు ఉన్నవాడు పొలంలో పార పట్టుకొని ఉంటాడు కదా, గిన్నె దగ్గర కూర్చొని ఉండేది తర్వాతి వంతువాడు. వాడికి గిన్నె తొందరగా మునిగితే మేలు. అందుకని ఒక కట్టడి ఉండేది. కూర్చున్నవాడు గంగాళానికి బారెడు దూరంలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చోవాలి. బీడీ తాగాలంటే లేచి పందిరి బయటికి పోవాలి. ఊళ్ళో ఎంత పెద్ద రైతైనా అవ్వ ముందర చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చోవడం నా చిన్నప్పుడు నాకు భలే గొప్పగా ఉండేది. గిన్నె సగం పైన నిండిందంటే అవ్వ మాట్లాడేది కాదు, నమిలే ఆకు కూడా నమలకుండా బుగ్గన పెట్టుకునేది. జొన్నరొట్టె, పుండుకూర పప్పు తీసుకొని మధ్యాహ్నం నేను పోతే, గిన్నె మునిగి మళ్ళీ వదిలినాకే ఒక ముక్క తుంచేది.

గిన్నెకూ ఒక కట్టడి ఉండేది. దాన్ని తోమకూడదు. పొద్దు గూకాక అవ్వ దాన్ని పాత చీర గుడ్డలో చుట్టి తెచ్చి గూట్లో పెట్టేది, పొద్దున్నే తీసుకుపోయేది. మట్టితో గాని బూడిదతో గాని రుద్దేది లేదు. ఏళ్ళ తరబడి చెరువు నీళ్ళు తాగి తాగి ఆ రంధ్రం చుట్టూ సున్నం లాంటిది పేరుకుంది. ఊరి లెక్క అంతా ఆ పేరుకున్నదాని మీదే నడుస్తోంది. ఇది నాకు పెద్దయినాక అర్థమైంది. అప్పుడు తెలిసిందల్లా గిన్నె నల్లగా, పచ్చగా చిలుము పట్టి అసహ్యంగా ఉందని. ఎందుకు తోమకూడదో నాకు ఎవరూ చెప్పలేదు. తోమొద్దని చెప్పారు, అంతే. పిల్లలకు కారణం చెప్పే అలవాటు ఆ కాలంలో లేదు.

నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఉగాది దగ్గర పడింది. చెరువులో నీళ్ళు చివరి వంతుకు వచ్చాయి. అందరివీ అయిపోయి కాలువ చివరన ఉన్న మాబు మామ మడి ఒకటే మిగిలింది. మాబుసాబును మేమంతా మామ అనే పిలిచేవాళ్ళం. ఆయన కూతురు ఖాసింబీ, నేనూ ఒక ఈడువాళ్ళం, రోజుకు సగం పొద్దు జమ్ములోనే తిరిగేవాళ్ళం. మా ఊళ్ళో బడి లేదు. వచ్చే జూన్‌లో ఇద్దరినీ పక్క ఊరి బడికి పంపాలని ఇళ్ళల్లో అనుకున్నారు. ఈసారి ఉల్లి పండి ఎర్రగడ్డలు బాగా దిగితే పలకా సంచీ కొనిస్తానని మాబు మామ ఖాసింబీకి మాటిచ్చాడు. ఆ సంచీ ఏ రంగుదై ఉండాలని మేమిద్దరం నెల రోజులు కొట్లాడుకున్నాం.

ఆ రోజు తెల్లారుతూనే పండగకని ఇంట్లో రాగి, ఇత్తడి సామాన్లన్నీ తోమమని మా అమ్మ నాకు చెప్పింది. చింతపండు, ఇటుక పొడి వేసి ఒక్కొక్కటే రుద్దుతుంటే చెంబులు మెరిసిపోతున్నాయి. అవ్వ దొడ్లోకి పోయింది. గూట్లో గుడ్డ మూట కనపడింది. అవ్వ ఇంత కష్టపడుతుంది కదా, ఆమె గిన్నె ఒక్కటే పండగపూట నల్లగా ఉండాలా అనుకున్నాను. గుడ్డ విప్పి బాగా తోమాను. అడుగున రంధ్రం మూసుకుపోయినట్టు కనపడితే గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చి దూర్చి తిప్పాను. తెల్లని పెచ్చులు రాలాయి. కడిగి, మళ్ళీ అదే గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేశాను. అవ్వ కట్ట మీద మూట విప్పి చూసి ఎంత మురిసిపోతుందో అని మధ్యాహ్నం దాకా ఆగలేక రొట్టెలు తీసుకొని పొద్దున్నే పరుగెత్తాను.

నేను పోయేసరికి ఆఖరి గింజ కుడి పక్కకు వచ్చేసింది. చిన్నాయన తూము మూసి, ఎప్పటి మాదిరి బంకమట్టి మెత్తి పసుపు పూస్తున్నాడు. చివరి వంతు అయినాక అలా మట్టి మెత్తితే మిగిలిన నీళ్ళు పశువులకు, ఇంక ఆ ఏడు తూము తెరిచేది లేదు. అవ్వ మాత్రం పైకి చూస్తోంది. ఆరు గిన్నెలు మునగాలంటే పొద్దు నడినెత్తి దాటిపోవాలి, అది ఇంకా పైకి ఎక్కుతూనే ఉంది. ఆమె కళ్ళకు అప్పటికే మసక కమ్ముతోంది. పందిరి నీడలో, నీళ్ళలో ఉన్న గిన్నె మెరుపు ఆమెకు ఆనినట్టు లేదు. ఇప్పుడు దాన్ని తీసుకొని ఎండలోకి వచ్చి, పైకెత్తి రంధ్రంలోంచి చూసింది. చూపుడు వేలితో తడిమింది. తర్వాత నన్ను చూసింది. నా మొహంలో మెచ్చుకోలు కోసం ఎదురుచూసే నవ్వు ఉండి ఉంటుంది.

అప్పుడే మాబు మామ బురద కాళ్ళతో కట్ట ఎక్కి వచ్చాడు. నీళ్ళు సగం మడి కూడా తడపలేదని, మొదటి రెండు గిన్నెలు కాలువ తాగడానికే సరిపోయాయని, ఎన్నేళ్ళ నుంచో ఆరు గిన్నెలకు చివరి మూల దాకా పారే నీళ్ళు ఈ రోజు ఎందుకు పారలేదని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. ఆయన వెనక నలుగురు చేరారు. అవ్వ గిన్నెను చీర కుచ్చిళ్ళలోకి దోపుకుంది.

“గిన్నె తప్పేమీ లేదప్పా మాబూ. నాకు కునుకు పట్టింది. ఆ మత్తులో గింజలు రెండేసి జరిపినానేమో. తప్పు నాదే” అంది.

మాబు మామ ఆమె నడుము దగ్గర మెరుస్తున్న రాగి అంచును చూశాడు. నా చేతుల వైపు చూశాడు. చింతపండు పులుపుకు నా వేళ్ళు ముడుతలు పడి తెల్లగా ఉన్నాయి. “సరేలే అవ్వా. ఎండ అట్లుంది” అని పార భుజాన వేసుకొని కట్ట దిగిపోయాడు. ఆ చూపును నేను అప్పుడు చూశాను గాని దాని అర్థం చదవలేకపోయాను.

పెద్దమనుషులు కూర్చున్నారు. మట్టి మెత్తిన తూము తెరిస్తే పశువులకు నీళ్ళు ఉండవన్నారు. నిద్రపోయే మనిషి చేతిలో గిన్నె ఉండకూడదన్నారు. మరుసటి ఏడు నుంచి ఊళ్ళో ఒకాయన చేతి గడియారం చూసి వంతులు చెప్పారు. అవ్వ మళ్ళీ ఆ పందిరి కింద కూర్చోలేదు. గిన్నె గూట్లోంచి అటక మీదికి పోయింది. కట్ట మీద ఆమెను చూస్తే చేతులు ఒళ్ళో పెట్టుకున్న మనుషులే ఇప్పుడు ‘నిద్దరవ్వ’ అని పిలవడం మొదలుపెట్టారు. పిల్లలు ఆమె ఎదురొస్తే గురక పెట్టేవాళ్ళు. ఆమె నవ్వేది. నేను చెప్పేస్తానేమోనని గిన్నె తోమిన ఆ రోజు సాయంత్రమే దొడ్లోకి పిలిచి ఒకటే మాట చెప్పింది.

“నువ్వు తోమినావని ఎవురికీ చెప్పొద్దు. నేను ముసలిదాన్ని, నాకు ఏ పేరొచ్చినా నాలుగేండ్లు. నీ చేయి మంచిది కాదని పేరు పడితే అది నీ పెండ్లి దాకా వస్తుంది, ఆపైన గూడా వస్తుంది.”

తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే ఏడుస్తూ అందరి ముందూ చెప్పేసి ఉండేదాన్నేమో. మాబు మామ ఎర్రగడ్డలు సగం మడి ఎండిపోయాయి, మిగతా సగం గోలీల్లా దిగాయి. ఆ వేసవిలోనే వాళ్ళు ఎమ్మిగనూరుకు బంధువుల మగ్గాల దగ్గరికి పనికి పోయారు. జూన్‌లో నేనొక్కదాన్నే పక్క ఊరి బడికి నడిచాను. ఖాసింబీ ఎమ్మిగనూరులో కండెలు చుట్టడం నేర్చుకుంది. పండగలకు వచ్చినప్పుడు నా పుస్తకాలు తిరగేసి బొమ్మలు చూసేది. నేను ఆమెకు కథలు చదివి వినిపించేదాన్ని. అక్షరాలు నేర్పిస్తానని ఒక్కసారి కూడా అనలేదు. అంత తెలుగు చదివి, అంతమంది పిల్లలకు ఓనమాలు దిద్దించి, ఆ ఒక్క మనిషి దగ్గర ఎందుకు నోరు రాలేదో నాకు తెలుసు. పలక ముందర పెట్టుకొని కూర్చుంటే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది.

ఇక మ్యూజియం సంగతి. రెండు నెలల్లో నాలుగు సార్లు తిరిగాను. ఒకసారి ఆ అబ్బాయి మీటింగులో ఉన్నాడు, ఒకసారి ఫారం పోయింది, మళ్ళీ రాయమన్నారు. చిన్నప్పుడు ఊరంతటి తగువును ఒక గిన్నె, గుప్పెడు చింతగింజలు తేల్చేసేవి. ఇక్కడ ఒక అట్ట ముక్క మార్చడానికి మూడు సంతకాలు, రెండు ఫోటోకాపీలు కావాలట. నాలుగోసారి పోతే ఆ అబ్బాయి మొహం వెలిగిపోతూ ఎదురొచ్చాడు. నేను చెప్పింది నిజమేనట. ఎన్నో ఏళ్ళ కిందట జీపులో వచ్చి వస్తువులు సేకరించినవాళ్ళ పాత రిజిస్టరు దొరికిందట, మా చిన్నాయన గిన్నె ఇస్తూ చెప్పిన మాటలన్నీ అందులో రాసి ఉన్నాయట. కొత్త అట్ట పెట్టేశాం చూడండి అన్నాడు. ఊతకు కూడా సరైన పేరు పెట్టారు. నేను సంతోషంగానే లోపలికి పోయాను.

‘చెరువు నీటి పంపకానికి వాడిన నీటి గడియారం. చివరగా దీన్ని కాపలా కాసిన వృద్ధురాలు నిద్రపోయి లెక్క తప్పడంతో వాడుక ఆగిపోయిందని గ్రామస్థుల కథనం.’

మూడుసార్లు చదివాను. తప్పు పోగొట్టమని తిరిగి తిరిగి, ఊరు మరిచిపోయిన అబద్ధాన్ని అద్దం వెనక, లైటు కింద పెట్టించుకున్నాను. అభిషేక పాత్ర అని ఉన్నప్పుడే నయం, అందులో అవ్వ ఊసు లేదు. వెనక్కి వచ్చి ఆ అబ్బాయి మీద అరిచాను. ఆయన తడబడి, గ్రామస్థుల కథనం అని రాశాం కదండీ అన్నాడు. మా అవ్వ నిద్రపోలేదు అన్నాను. ఆధారం ఉందా అండీ అన్నాడు. మీరు కుటుంబ సభ్యులు కాబట్టి బయటివాళ్ళ సాక్ష్యం ఒక్కటైనా ఉంటే మార్చగలం అన్నాడు. ఆయన్ని అని ఏం లాభం? ఆయన రాసింది మా చిన్నాయన మాట. మా చిన్నాయనది ఊరి మాట. ఊరిది అవ్వ మాట. అవ్వ ఆ మాట అన్నది నా కోసం. ఎవరి మీద అరవాలో తెలియక బస్టాండులో చాలాసేపు కూర్చున్నాను.

ఆ పక్క ఆదివారం మా ఊరికి పోయి చూశాను. కట్ట ఉంది, తూము రాయి ఉంది, చెరువు నిండా సర్కారు కంప మొలిచింది. నడుమ రెండు మూడు బోర్లు వేసి ఎవరి నీళ్ళు వాళ్ళు తోడుకుంటున్నారు, ఎవరి వంతు కోసం ఎవరూ ఆగే పని లేదు. తాగే నీళ్ళు ఆటోలో క్యాన్లలో వస్తున్నాయి. కట్ట మీద ఎదురైన ఒకాయనను అవ్వ పేరు చెప్పి అడిగితే తెలియదన్నాడు. నిద్దరవ్వ అంటే మాత్రం, ఆ, మా నాయన చెప్తాండె అన్నాడు. అక్కడి నుంచి నేరుగా ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఖాసింబీ ఇప్పుడు కొడుకు ఇంట్లో ఉంది. మగ్గాలు తీసేసి ఆ గదిలో చీరల అంగడి పెట్టుకున్నారు. మ్యూజియంలో అవ్వ గిన్నె ఉంది, చూద్దువు రా, చిన్న సాక్ష్యం కావాలంట అని మాత్రమే చెప్పాను. దారి పొడవునా ఆమె మోకాళ్ళ నొప్పి గురించి, నేను బస్సు చార్జీల గురించి మాట్లాడాం. చెప్పాలని ఆదోని వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

బీరువా ముందర నిలబడి ఖాసింబీ చాలాసేపు గిన్నెను చూసింది. కళ్ళద్దాలు సర్దుకొని అట్ట వైపు చూపించింది. “ఏం రాసినారు? చదువు సరోజా.”

చదివాను. బడిలో చదివినట్టు స్పష్టంగా మొదలుపెట్టి, వృద్ధురాలు అన్న దగ్గర ఆగి, మళ్ళీ చదివాను.

“అవ్వ నిద్రపోలేదు” అంది ఖాసింబీ.

నీకెలా తెలుసు అని అడిగాను.

“మా నాయన చెప్పినాడు. ఆ పొద్దు గిన్నె కొత్తదాని మాదిరి మెరుస్తాండె అంట. పండగని ఇంట్లో ఎవరో తోమినారు, ముసలామె ఎవరినో కాపాడుతాంది అన్నాడు. మీ ఇంట్లో సామాన్లు తోమేదానివి నువ్వొక్కదానివే కదా.”

“మరి ఎందుకు ఊరకున్నాడు? మీరందరూ ఎందుకు ఊరకున్నారు?”

“పెద్దామె తన నోటితో తన మీద ఏసుకున్యాక కాదనేకి మనమెవరు అన్నాడు. ఆ పిల్ల పెద్దయితే అదే చెప్తాదిలే అనేటోడు. తాను పోయేదాకా ఎదురు చూసినాడు. నేను ఇంగా చూస్తాండా.”

ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు భరించరాకుండా ఉంది. అన్నేళ్ళూ పండగకు వచ్చి నా పక్కన కూర్చొని, నేను చదివే కథలు విన్నది ఈ మనిషే. క్షమించమని అడగబోతే ముందు అవ్వ పని చూడు అని చెయ్యి పట్టుకొని ఆఫీసు గది వైపు నడిపించింది.

ఆ అబ్బాయి మళ్ళీ కొత్త ఫారం తీశాడు. పేరు, ఊరు, వయసు రాశాను. చెప్పదలచిన సమాచారం అన్న చోట ‘అవ్వ నిద్రపోలేదు’ అని రాశాను. ఆధారం అన్న చోట గిన్నె రంధ్రాన్ని చూడమని, దాని అంచున దబ్బనం గీతలు ఉంటాయని రాశాను. వస్తువుతో మీకున్న సంబంధం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఏం రాస్తాండావు అని ఖాసింబీ అడిగింది. ఒక్కొక్క మాటా పలుకుతూ రాశాను.

“తోమకూడని గిన్నెను తోమినదాన్ని.”

ఆ అబ్బాయి రాసింది చదివాడు. ఫారం తిప్పి ఖాసింబీ ముందర పెట్టి, సాక్షి సంతకం ఇక్కడ చేయండమ్మా అని పెన్ను అందించాడు. ఆమె పెన్ను తీసుకోలేదు. బల్ల మీద ఇంకు ప్యాడు ఎక్కడుందో చూసి, దాన్ని దగ్గరికి లాక్కొని, నా సంతకం పక్కన వేలిముద్ర వేసింది.